నాలుగో గడి

ముప్పై ఎనిమిదో పేరు టైపు చేసి వసుమతి చెయ్యి ఆపింది. మిషనులో నాలుగు కాగితాలు, వాటి మధ్య మూడు కార్బన్లు ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పితే నాలుగింటి మీదా రబ్బరు పెట్టి రుద్దాలి. ముప్పై తొమ్మిదో పేరు పక్కన ఆఫీసు పెద్ద బుచ్చిబాబు ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు. మైలపల్లి కొర్లమ్మ, భర్త ఎల్లాజీ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు కాకుండా ఉత్త పాదాల చప్పుడు వినిపించింది. ముందు అటెండరు హమీద్ వచ్చాడు.

"వసుమతమ్మా, మీ ఊరామె వచ్చింది. సికింద్రాబాద్ నుంచి నడుచుకుంటనే వచ్చిందంట. బస్సెక్కమంటె ఎక్కలేదంట."

"మా ఊరేంటి హమీద్? ఆవిడది విశాఖపట్నం అవతల. మాది కాకినాడ."

"మాకు అంత ఒక్కటే అమ్మా. సముద్రం దిక్కు."

అతని వెనక నిలబడ్డ మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎండకు నల్లబడిన ముఖం మీద పావలా బిళ్ళంత కుంకుమ బొట్టు, రెండు చేతులకూ మోచేతి దాకా కాకపోయినా సగం దాకా మట్టిగాజులు. చంకలో గుడ్డ మూట. మూటలోంచి తీసిన ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, ఎవరికివ్వాలో తెలియనట్టు.

ఉత్తరం ఊళ్ళో పనిచేసే కార్యకర్త రాసింది. పోయిన కార్తీకంలో వచ్చిన తుపానుకు ఆ పేటలో పాకలన్నీ కొట్టుకుపోయాయి. విదేశీ సాయంతో వసుమతి పనిచేసే సేవాసంఘం అక్కడ నలభై ఇళ్ళు కట్టిస్తోంది. ఈమె ఫోటో మీరు తిప్పి పంపారు, నేను చెబితే వినడం లేదు, మీ దగ్గరికే పంపుతున్నాను, శుక్రవారం లోపల ఏదో ఒకటి తేల్చండి అని రాసి ఉంది.

వసుమతి ఆమెను లోపలి గదికి తీసుకెళ్ళింది. బుచ్చిబాబు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉత్తరం చదివాడు. మంచివాడే. పదేళ్ళుగా ఆ తీరమంతా తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగి, ఇప్పుడు అమీర్‌పేట ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయాడు.

"ఏంటమ్మా కొర్లమ్మా, ఫారం మీద భర్త మరణించినది అని రాశారు. ఫోటోలో చూస్తే ఇంత బొట్టు. డబ్బిచ్చేవాళ్ళు అడగరా?"

"నాను రాయించనేదు బాబూ. కుర్రబాబు రాసుకున్నాడు."

"మరి ఎల్లాజీ?"

"ఇంకా రానేదు."

బుచ్చిబాబు వసుమతి వైపు చూశాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ తెప్ప మీద ముగ్గురు వెళ్ళారు కదమ్మా?"

"ముగ్గురెల్లినారు. ఇద్దర్ని నీరు ఇచ్చీసింది. ఆడ్ని ఇయ్యనేదు. ఒంటి మీది గుడ్డయినా రానేదు, తెప్ప కర్రయినా రానేదు. మా పేటలో ఏదో ఒకటి గట్టుకొచ్చినదాకా బొట్టు తియ్యం బాబూ. తీస్తే ఆడికి దారి మూసీసినట్టు. మా అత్త రోజూ నా మొకం సూసి గాని గంజి తాగదు."

"ఎనిమిది నెలలైంది."

"అవును బాబూ."

"చూడమ్మా, నాకేం పట్టింపు లేదు. ఫారంలో మూడు గడులున్నాయి. భర్త పోయినవాళ్ళు, కాలో చెయ్యో పోయినవాళ్ళు, పిల్లలు లేని ముసలివాళ్ళు. నువ్వు మొదటి గడిలో ఉన్నావు. అక్కణ్ణుంచి తీసేస్తే మిగతా రెండిట్లోనూ పట్టవు. భర్త ఉన్నాడంటావు, మంచిదే. ఉంటే మరి ఈ ఇల్లెందుకు?"

కొర్లమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇంత చదువుకున్నవాడికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడమేమిటన్నట్టు.

"పాక కొట్టుకుపోనాది గద బాబూ. ఆడొస్తే ఎక్కడికొస్తాడు?"

బుచ్చిబాబు కళ్ళజోడు దించి పెట్టుకున్నాడు. అతను ఫారం వసుమతి చేతికిచ్చి, ఇంగ్లీషులో కాదు గాని ఇంగ్లీషులో చెప్పినంత పొడిగా అన్నాడు.

"వసుమతి గారూ, గురువారం నాలుగింటి టపాలో జాబితా వెళ్ళాలి. పంజగుట్ట స్టూడియోలో కొత్త ఫోటో తీయించండి. బొట్టు లేకుండా. కుదరదంటే నలభై ఒకటో పేరు ఎక్కించండి. మీరు ఆడవాళ్ళు, మీరు చెబితే వింటుంది."

*

ఆమెను ఎక్కడ ఉంచాలో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఆఫీసు తాళం వేశాక హమీద్ మెట్ల కింద కూచున్న ఆమెను చూపించి, "ఈమె సంగతేందమ్మా మరి?" అన్నాడు. వసుమతి తన బల్కంపేట గదికి తీసుకెళ్ళింది. ఎల్లమ్మ గుడి ముందునుంచి వెళ్తుంటే కొర్లమ్మ ఆగి, మూట కింద పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఎవరమ్మవారని అడగలేదు.

ఒక గది, వెనక వంటకు చిన్న చోటు. వసుమతి కిరసనాయిలు స్టవ్ వెలిగించి అన్నం పెట్టేసరికి కొర్లమ్మ మంచం దగ్గర నిలబడి దోమతెర కొసను చేతిలోకి తీసుకుని చూస్తోంది. అందులో పిడికిలి దూరేంత చిరుగు ఉంది. వసుమతి దానికి పిన్నీసు పెట్టి ఏడాది అయింది.

"దారముందా అమ్మా?"

వసుమతి తెల్లదారం ఉండ ఇచ్చింది. కొర్లమ్మ చీపురు పుల్ల విరిచి, రెండు కొసలా పళ్ళతో చీల్చి, దాని మీద దారం చుట్టుకుంది. పిన్నీసు తీసి కొంగుకు గుచ్చుకుంది. చిరుగు అంచుల్లో ఊడిపోతున్న పోగుల్ని ముందు కత్తిరించింది. ఉన్న చిరుగును ఇంకా పెద్దది చేస్తోందేమిటని వసుమతి కంగారుపడింది. తరవాత కొర్లమ్మ తెర కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని బిగించి, ఎడమ చేతి చూపుడు వేలిని కొలతగా పెట్టుకుని ఒక్కొక్క కన్నూ ముడివేస్తూ పోయింది. ముడి వేసిన ప్రతిసారీ గాజులు మణికట్టు మీదికి జారేవి. మోచేత్తో వాటిని వెనక్కి తోసుకునేది. చూపు తెర మీద లేదు. వేళ్ళు వాటంతట అవే పోతున్నాయి.

"ఇంత చిన్న కన్నులో ఏ సేపా పడదు," అని నవ్వింది. "దోమలే పడతాయి."

వసుమతి కూడా నవ్వింది. నవ్వాక, చెప్పాల్సిన మాట ఇప్పుడే చెబితే బాగుండుననుకుంది.

"కొర్లమ్మా, ఫోటోకి ఒక్క నిమిషం పని. తుడుచుకుని, ఫోటో దిగి, బయటికొచ్చి మళ్ళీ పెట్టుకో. నా దగ్గర కుంకుమ ఉంది. మీ అత్తకు ఎవరు చెబుతారు?"

కొర్లమ్మ చేతులు ఆగాయి.

"అత్తకి తెలీదమ్మా. నాకు తెలుస్తాది గదా."

"ఇల్లు పోతుందే. మళ్ళీ వానలొస్తున్నాయి. ఎక్కడుంటున్నారిప్పుడు?"

"సరుగుడు కర్రలకి తాటాకులు కప్పుకుని ఉన్నాం. నానూ అత్తా ఇద్దరు పిల్ల గుంటలూ. గాలేస్తే ఆకు ఎగిరిపోతాది. అత్తకి దగ్గు." మళ్ళీ ముడులు వేస్తూ అడిగింది. "తమరి ఆయనేరమ్మా?"

వసుమతి కంచాలు తీస్తోంది. తన నుదుటి మీది బొట్టును ఆ మనిషి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఊళ్ళో లేరు."

"ఎప్పుడొస్తాడు?"

కంచాలు కడగడానికి వెనక్కి వెళ్ళింది వసుమతి. కుళాయి కింద నీళ్ళు చాలాసేపు పోనిచ్చింది. తిరిగి వచ్చేసరికి తెర కుట్టడం అయిపోయింది. కొర్లమ్మ మళ్ళీ అడగలేదు. చిరుగు ఉన్నచోటు మిగతా తెర కన్నా గట్టిగా, కొంచెం ముతకగా కనిపించింది.

*

బుధవారం పొద్దున్నే వసుమతి ఆఫీసుకు వచ్చి కొత్త ఫారం మిషనులోకి ఎక్కించింది. మూడు గడుల పక్కన మిగిలిన అంచులో, అడ్డగీత మీటను నొక్కి నొక్కి నాలుగో గడి గీసింది. దాని మీద ఇంగ్లీషులో ‘గల్లంతు’ అని కొట్టింది. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. మళ్ళీ కొట్టింది. పదకొండింటికి బుచ్చిబాబు వస్తే ముందు పెట్టింది.

అతను కోప్పడలేదు. అదే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"మన ఫారం కాదు కదండీ ఇది, వాళ్ళది. గడి మనం కలిపితే జాబితా మొత్తం తిరిగొస్తుంది. ముప్పై తొమ్మిది ఇళ్ళు ఆగుతాయి ఒక్కావిడ కోసం. పునాది తవ్వి వదిలేసిన గుంటల్లో నీళ్ళు నిలిచున్నాయక్కడ." కాగితాన్ని నిలువునా మడిచి చెత్తబుట్టలో వెయ్యకుండా బల్ల మీదే పెట్టాడు. "రేపటి దాకా టైముంది. ప్రయత్నం చెయ్యండి."

మధ్యాహ్నం ఎండలో ఇద్దరూ పంజగుట్ట దాకా నడిచారు. చౌరస్తా దగ్గర కొర్లమ్మ రోడ్డు దాటలేక రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి వసుమతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ అరచెయ్యి తాడు ఒరిసి ఒరిసి చెక్కలా ఉంది.

స్టూడియో యజమాని దిలావర్ సంఘానికి చాలా ఏళ్ళుగా ఫోటోలు కడుగుతున్నాడు. ఎడమ కన్ను కొంచెం మూసుకునే ఉంటుంది, ఎప్పుడూ కెమెరా లోంచి చూస్తున్నట్టు. కొర్లమ్మను లోపల స్టూలు మీద కూచోబెట్టాడు. ఆమె వెనక పరదా మీద కొండలు, సరస్సు, ఒక పడవ గీసి ఉన్నాయి. ఆమె వెనక్కి తిరిగి దాన్ని పరీక్షగా చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ పడవకి తెడ్డు నేదు బాబూ. ఎలా ఎల్తాదిది?"

"అది ఎక్కడికీ పోదమ్మా. ఇరవై ఏండ్ల సంది ఆడనే ఉన్నది," అన్నాడు దిలావర్. "మస్తుమంది దాని ముంగట కూసొని దిగిండ్రు. పెండ్లి జంటలు సుత. ఒక్కలు అడగలె తెడ్డేదని."

తరవాత తడిగుడ్డ తెచ్చి వసుమతి చేతికిచ్చి, సైగ చేశాడు. వసుమతి గుడ్డ పట్టుకుని స్టూలు దగ్గరికి వెళ్ళింది. కొర్లమ్మ ఆమెను చూసింది, గుడ్డను చూసింది. కదల్లేదు. కాదనలేదు కూడా. తల కొంచెం పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుంది, సూది గుచ్చించుకునేదానిలా. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అదురుతున్నాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఒళ్ళో గాజుల చేతుల్ని ఒకదానిలో ఒకటి బిగించుకుంది.

వసుమతి చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. గుడ్డలోంచి ఒక నీటి చుక్క కొర్లమ్మ ముక్కు మీద పడి జారింది.

గుడ్డను పిడికిట్లో నలుపుకుంటూ బయటి గదిలోకి వచ్చేసింది.

"కాదు దిలావర్ భాయ్. నావల్ల కాదు."

దిలావర్ పరదా సందులోంచి ఒకసారి లోపలికి చూశాడు. గొంతు తగ్గించాడు.

"దీనికెందుకమ్మా ఇంత ఫికర్? ఎట్లున్నదో గట్లనే దిగనియ్యి. నెగెటివ్‌ల బొట్టు కాడ ఖాళీ ఉంటది. సన్న పెన్సిలు చెక్కి, అద్దం కింద పెట్టి నింపుత. ప్రింటుల బొట్టు కనవడది. మొటిమలు, మచ్చలు అట్లనే తీస్త గద పెండ్లిపిల్లలకు. గాజులు రాకుంట పైదాక తీస్త. ఆమెకు చెప్పే పనే లేదు."

వసుమతికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఎంత తేలిక! ఆమె తుడుచుకోనక్కర్లేదు, ఇల్లూ వస్తుంది. ఎవరికీ అన్యాయం జరగదు. ఇది తప్పేమోనన్న ఆలోచన వచ్చింది గాని, దాన్ని తోసెయ్యడానికి పెద్ద కష్టపడలేదు.

"అలాగే చెయ్యి భాయ్."

లోపలికి వెళ్ళి, "బొట్టుతోనే తీస్తారట కొర్లమ్మా. కళ్ళు తెరువు," అంది.

కొర్లమ్మ కళ్ళు తెరిచింది. పట్టుకున్న ఊపిరి వదిలి, వసుమతి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. వసుమతి చెయ్యి లాక్కుంది.

*

గురువారం మధ్యాహ్నం దిలావర్ మూడు ఫోటోలు కవర్లో పెట్టి పంపాడు. వసుమతి కవరును బల్ల కింద ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. నుదురు నున్నగా, ఖాళీగా ఉంది. ఎక్కడా గీత లేదు. అంత నేర్పుగా చేశాడు. అదే మనిషి, అవే కళ్ళు, అయినా ఎవరో చనిపోయిన ఇంటికి వెళ్తే తలుపు తీసిన మనిషిలా ఉంది.

ఒకటి విదేశానికి వెళ్ళే జాబితాకు, ఒకటి ఫైలుకు అంటించింది. మూడోది గుర్తింపు కార్డుకు. ఫారం అడుగున కొర్లమ్మ చేత వేలిముద్ర వేయించేటప్పుడు పై సగం మడిచి పట్టుకుంది. కొర్లమ్మ అడ్డు చెప్పలేదు. వసుమతమ్మ చూపించిన చోట వేసింది.

బుచ్చిబాబు జాబితా తిరగేస్తూ ముప్పై తొమ్మిదో పేరు దగ్గర ఆగాడు.

"ఒప్పుకుందన్నమాట. పోనీలెండి, మంచిది. ఎలా చెప్పారు?"

వసుమతి కార్బన్లు సర్దుకుంటూ ఉండిపోయింది. నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా హమీద్ పెద్ద కవరుకు లక్క పెట్టి, సైకిలు మీద సోమాజిగూడ పోస్టాఫీసుకు పట్టుకెళ్ళాడు.

ఆ సాయంత్రం గదిలో కొర్లమ్మ ఇంటి గురించి చాలాసేపు మాట్లాడింది. గుమ్మం నీటి వైపు ఉండాలంది. కిటికీ లేకపోయినా ఫరవాలేదుట. ఎల్లాజీ పొడుగు మనిషి, గుమ్మం ఎత్తుగా పెట్టమని ఆ బాబుతో ఒక్క మాట చెప్పమంది. వసుమతి సరేనంది.

*

కార్డులు ఎప్పుడూ ఊరికి పోస్టులో వెళ్తాయి. శుక్రవారం బుచ్చిబాబుకు ఏం తోచిందో, కొర్లమ్మను లోపలికి పిలిచాడు. తలుపులోంచి అతని గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"వచ్చావు కదా, నీ చేతికే ఇచ్చేస్తా. పోస్టులో సగం పోతున్నాయి. ఇది జాగ్రత్తగా పెట్టుకో. ఇల్లు నీదేనని దీని మీదే రాసి ఉంది."

వసుమతి కుర్చీలోంచి లేచింది. ఆమె గుమ్మం చేరేసరికి బుచ్చిబాబు చెయ్యి సగం చాచి ఆగిపోయి, కొర్లమ్మ నుదుటి వైపు చూస్తున్నాడు.

"ఏంటమ్మా, మళ్ళీ పెట్టేశావా? ఫోటోకి తుడిచావుగా?"

"తుడవనేదు బాబూ. బొట్టుతోనే తీసినారు," అంటూ కొర్లమ్మ కార్డు అందుకుంది.

ఆమె దాన్ని ముందు తలకిందులుగా పట్టుకుంది. తిప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. వేలితో ఫోటో నుదుటి మీద రుద్దింది, దుమ్మేమైనా పడిందేమోనన్నట్టు. మళ్ళీ రుద్దింది.

బుచ్చిబాబు వసుమతి ముఖం చూశాడు. అతనికి అర్థమైంది. తలుపు దగ్గరగా వేశాడు.

"సరే, అయిందేదో అయిపోయింది," అన్నాడు మెల్లిగా. "జాబితా వెళ్ళింది. ఇల్లు వచ్చినట్టే. చూడు కొర్లమ్మా, నీ బొట్టు నీకుంది. ఊళ్ళో బొట్టుతోనే ఉండు, ఎవరూ ఏమీ అనరు. ఇది ఒట్టి కాగితం. మీ ఇద్దరూ నోరు మెదపకండి, నేనూ మెదపను." సోమాజిగూడలో మీటింగు ఉందని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొర్లమ్మ వసుమతి బల్ల దగ్గరికి వచ్చి కింద కూచుంది.

"ఇదెవరమ్మా?"

"నువ్వే కొర్లమ్మా. బొట్టు... స్టూడియోలో పెన్సిలుతో కనబడకుండా చేశారు. నువ్వు తుడుచుకోనక్కర్లేదని, ఇల్లు పోకూడదని నేనే చెయ్యమన్నాను."

కొర్లమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని వసుమతి ఎదురుచూసింది.

"ఇలాటియి ఎన్ని సేసినారు?"

"మూడు. ఒకటి ఫైల్లో ఉంది. ఇది నీ దగ్గర."

"ఇంకోటి?"

"నిన్న టపాలో వెళ్ళింది. డబ్బిచ్చేవాళ్ళ దేశానికి."

"అదెక్కడమ్మా? నీటికి అవతలా?"

"అవును. సముద్రం అవతల."

కొర్లమ్మ కార్డును బోర్లించి నేల మీద పెట్టింది. కింద హమీద్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు చెప్పింది.

"మా పక్క పేటలో దానయ్యని కెరటం లాగీసుకుంటే ఓడోళ్ళు ఎత్తుకున్నారంట. అవతల గట్టున దింపీసినారు. బాస తెలీదు, కాగితం నేదు. పదమూడు నెలలకి ఒచ్చినాడు. అప్పటికే ఆడి పెళ్ళాం గాజులు పగలగొట్టీసుంది. ఆడు గుమ్మంలోంచి దాన్ని సూసి, నాను సచ్చిపోనానా అని అడిగినాడు. ఇంట్లోకి రానేదు. మళ్ళీ ఎటో ఎల్లిపోనాడు." ఆమె తలెత్తింది. "ఈడూ ఆ గట్టునే ఉంటాడు గదమ్మా. ఈ బొమ్మ ఆడికి ముందే ఎల్లిపోయింది."

ఆ దేశం వేరు, ఆ గట్టు వేరు, నీ బొమ్మ ఏదో పెద్ద ఆఫీసులో బీరువాలోకి పోతుందని చెప్పడానికి వసుమతి నోరు తెరిచింది. తన భర్త వెళ్ళిపోయిన ఈ ఇరవై రెండేళ్ళుగా ఏ ఊరి పేరు విన్నా, ఏ పోస్టు ముద్ర చూసినా తన లోపల ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. నోరు మూసుకుంది.

"ఉత్తరం రాయండమ్మా. ఆ బొమ్మ తప్పని రాయండి. దానికి బొట్టుందని రాయండి."

"రాస్తే ఇల్లు పోతుంది కొర్లమ్మా. ఇంకొకరికి ఇచ్చేస్తారు. బాబు చెప్పింది విన్నావుగా, ఊరుకుంటే ఇల్లు నీదే. నేను చేసిన తప్పుకి నువ్వు..."

"నిజంగా పోతాదా?"

"పోతుంది."

కొర్లమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురు మేడ మీద ఎవరో చీరలు ఆరవేస్తున్నారు. ఆమె పెదవులు కదులుతున్నాయి. అత్త, ఇద్దరు పిల్లలు, తాటాకులు, రాబోయే వానలు. అవన్నీ ఒక్కొక్కటే ఆమె ముఖం మీదుగా వెళ్ళడం వసుమతి చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బోర్లించిన కార్డు వైపు ఆమె చెయ్యి పోయింది. మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"రాయండమ్మా."

వసుమతి మిషనులోకి కాగితం ఎక్కించింది. కార్బను పెట్టలేదు. జాబితాలో ముప్పై తొమ్మిదో పేరు గలామె భర్త మరణించినట్టు ఆధారం లేదనీ, ఫోటోలో ఆమె నుదుటి బొట్టును ఈ ఆఫీసు టైపిస్టు తన ఇష్టప్రకారం తీసివేయించిందనీ, ఆమె భర్త రాకకై ఎదురుచూస్తున్న స్త్రీ అనీ ఇంగ్లీషులో కొట్టింది. అడుగున తన పేరు కొట్టి సంతకం చేసింది. ఈ ఉత్తరం చూసి బుచ్చిబాబు ఏమంటాడో, ఈ కుర్చీ సోమవారం నాటికి ఎవరిదవుతుందో ఆమెకు తెలియదు. ఎక్కడా తప్పు పడలేదు.

"బొట్టుందని రాసినారా?"

"రాశాను."

"ఆడి పేరు?"

పేరు రాయలేదు. వసుమతి కాగితాన్ని మళ్ళీ మిషనులోకి ఎక్కించి, వరస సరిచూసుకుని, ఖాళీ ఉన్నచోట ఎల్లాజీ అని కొట్టింది. తరవాత వేలిముద్రల ఇంకుపెట్టె తెరిచి ఇచ్చింది. కొర్లమ్మ ఉత్తరం అడుగున బొటనవేలు బలంగా అదిమి, గీతలన్నీ స్పష్టంగా పడ్డాయో లేదో వంగి చూసుకుంది. అప్పుడు వేలికి మిగిలిన ఇంకును పాపిట పక్కన జుట్టుకు రాసుకుని, మూట చంకన పెట్టుకుని, సికింద్రాబాద్ స్టేషనుకు ఎటు నడవాలో హమీద్‌ను అడగడానికి మెట్లు దిగింది.